పస్తానం మూట

“బడికైనా పంపు, మా అప్ప ఇంటికైనా పంపు. కిటికీలోంచి లోకం సూసి పెద్దదవుతాదా పిల్ల?”

ఆ మాట అనేసి సాయిశంకర్ పోర్టు డ్యూటీకి వెళ్లిపోయాడు. కూతురికి తినిపిస్తున్న ముద్ద హిమబిందు చేతిలోనే ఉండిపోయింది...

ఎక్కడో ఉత్తరాన బజారులో టెర్రరిస్టుల బాంబు పేలిన రోజునుంచీ ఆమె తానూ గడప దాటలేదు, కూతురు యశస్వినినీ దాటనివ్వలేదు. టీవీలో చెల్లాచెదురైన చెప్పుల మధ్య ఒక చిన్న గులాబీరంగు చెప్పు కనిపించింది. అచ్చం తన కూతురి చెప్పే! ఇక తమ మల్కాపురంలో ఓడ కూత వేసినా, లారీ టైరు పేలినా పిల్లను ఒళ్లోకి లాక్కునేది. బిందు చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది. కూతురి చదువు తన చేతులతోనే ఆగిపోతోందని తెలుసు. అయినా ‘పంపుతాను’ అనలేకపోయింది...

చివరికి సాయిశంకర్ సోమవారం ప్రయాణం పెట్టేశాడు. పిల్ల ఇక తగరపువలసలో తన అక్క దగ్గరే ఉండి చదువుకుంటుందట! బిందు కళ్లు తుడుచుకుంటూ, ఆడపిల్లను సాగనంపేటప్పుడు కలిపే చలిమిడి కలిపి, స్టీలు డబ్బాలో పెట్టి, తన ఆకుపచ్చ పాతచీర ముక్కలో మూటగట్టింది.

తీరా సోమవారం బస్సు వేళకు రాహుకాలం వచ్చింది. అందుకని అత్తగారు దేముడమ్మ పొద్దున్నే మంచి ఘడియ చూసి, ఎవరికీ చెప్పకుండా ఆ మూటతో పస్తానం పెట్టింది. మూట ముందుగా గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఎప్పుడూ మూట పెట్టే ఎదురింటికి తాళం వేసి ఉండటంతో, రెండిళ్ల అవతల వీధి చివర బస్టాపు బల్లమీద పెట్టి వచ్చేసింది.

కాసేపటికి వీధిలో విజిళ్లు మోగాయి. బస్టాపులో ఎవరిదో దిక్కులేని మూట ఉందట! పోలీసులు తాడు కట్టి జనాన్ని వెనక్కి నెడుతున్నారు. టీకొట్టు గవర్రాజు ముసలి సన్యాసమ్మను చెయ్యి పట్టుకుని దూరంగా నడిపిస్తున్నాడు. ఇడ్లీబండి కనకరత్నం ఎవరి పిల్లాడినో చంకనేసుకుని పరుగెడుతోంది. గుమ్మంలోంచి చూస్తున్న బిందుకు ఆకుపచ్చ గుడ్డ కనిపించింది, దాని మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ...

తన చీరే!

ఇన్నాళ్లూ గడప దాటని మనిషి చెప్పులైనా లేకుండా పరుగెత్తింది.

“బాబూ, అది నాదే. బాంబు కాదు, సలిమిడి.”

ఎస్సై ఆమెను తాడు ఇవతలే ఆపాడు. కుక్కతో వాసన చూపించి, జాగ్రత్తగా మూట విప్పించాక గానీ ఆయన ముఖం తేటపడలేదు.

“బస్టాపులో సలిమిడి ఏటమ్మా?”

వెనకే ఆయాసపడుతూ వచ్చింది దేముడమ్మ. “పస్తానం పెట్టినాను బాబూ. తప్పయిపోనాది.”

“మాయమ్మ కూడా పెడతాది. కానీ ఎదురింట్లో పెడతాది. రోజులు బాగోలేవు, ఇంకెప్పుడూ ఇలా వదిలీకండి” అన్నాడు ఎస్సై.

ముందు గవర్రాజు నవ్వాడు, తర్వాత వీధంతా నవ్వింది. బిందుకైతే కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వు! కనకరత్నం చంకలోని పిల్లాడిని దింపి మళ్లీ పొయ్యి వెలిగించింది. ఆటోలు కదిలాయి. ఆ వీధిని బిందు కొత్తగా చూసింది. భయమేసినప్పుడు ఎవరూ పక్కవాళ్లను వదిలి పారిపోలేదు... పిల్లల్ని కాచుకునేది తనొక్కతే కాదు!

అప్పటికి వచ్చి మూట అందుకోబోయిన కొడుకును దేముడమ్మ వారించింది. “ఇంటికి తేకురా. పస్తానం పెట్టిన మూట ఎనక్కి రాకూడదు.”

బిందు మూటను చంకనెత్తుకుంది. “ఎనక్కి తేనత్తా. బడికి తీసుకెల్తన్నాను.”

సాయిశంకర్ ఇంట్లోకి వెళ్లి పిల్లకు గులాబీరంగు చెప్పులు తొడిగి, పుస్తకాల సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

ఆ పూట బిందు పంచిన చలిమిడి తిని తరగతంతా వేళ్లు నాకింది. గేటు దగ్గర బిందు వెనుదిరగబోతుండగా పోర్టులో ఓడ కూత వేసింది. ఆమె చెయ్యి చప్పున పైకి లేచింది... యశస్విని చూస్తోంది. ఆ చెయ్యి పిల్లను లాక్కోలేదు. మెల్లగా ఊగుతూ టాటా చెప్పింది.