అత్తగారి జవాబులు

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, అత్తగారి బటన్ల ఫోను కుయ్యిమంది. కోడలే. "మోటారు ఆపండి. బట్టలు ఎండలో వేయండి."

కోడలు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. అందుకని అక్కడి కంప్యూటర్లో తన మెయిలు తెరిచి కొడితే, ఇక్కడ మెసేజై వచ్చి పడుతుంది. ఆ ఏర్పాటు కొడుకు చేశాడు. "నువ్వు జవాబిస్తే అటు పోతుందమ్మా" అని కూడా చెప్పాడు. పాపం ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం నొక్కి, ప్రతిదానికీ జవాబిచ్చేది. ఒక్కదానికి బదులొస్తే ఒట్టు.

ఆ మధ్యాహ్నం ఆవిడ గోడ పట్టుకుని కూలబడింది. కొడుకు ఫోను ఎత్తలేదు. "కళ్లు తిరుగుతున్నాయి, ఒకసారి రా" అని కోడలికి పంపింది. కాసేపటికి ఫోను మోగింది. ఆశగా చూస్తే, "బట్టలు తీశారా?"

ఒళ్లు మండిపోయింది. మనిషి పడిపోతుంటే బట్టలా! సాయంత్రం కోడలు, కొడుకు వచ్చేసరికి ఆవిడ సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది.

"మా చెల్లెలింటికి పోతున్నా. నీక్కావలసింది పనిమనిషి, అత్త కాదు!"

"ఇప్పుడేమైంది అత్తయ్యా?"

"ఏమైందా? పడిపోతున్నా రమ్మంటే బట్టలు తీశారా అంటావా? ఇన్నాళ్లలో నా మెసేజికి ఒక్క ముక్క బదులిచ్చావా?"

కోడలికీ కోపం తన్నుకొచ్చింది. "మీరెప్పుడు పంపారు? గోడకి చెప్పుకున్నట్టు నేనే పంపుతున్నా! కోడలికి జవాబివ్వడం నామోషీ కాబోలని నోరు మూసుకున్నా!"

"నా దగ్గరా అబద్ధాలు!"

కొడుకు గబగబా ల్యాప్‌టాప్ తెచ్చి భార్య మెయిలు తెరిపించాడు. చెత్త మెయిళ్లు పడేచోట, లాటరీ ప్రకటనల మధ్య, అత్తగారి జవాబులన్నీ ఉన్నాయి. ఎవరిదో తెలియని నంబరని మెయిలే వాటిని అక్కడికి తోసేసింది.

కోడలు ఒక్కొక్కటే చదివింది. "ఆపాను. తిన్నావా?" "తీశాను. తలనొప్పి తగ్గిందా?" "మబ్బు పట్టింది, తడవకుండా రా." చివరిది, కళ్లు తిరుగుతున్నాయన్నది, చదివి అత్తగారి పక్కన కూలబడింది.

"నేను తిన్నానో లేదో అడిగే దిక్కే లేదని అక్కడ కూర్చుని ఏడ్చేదాన్ని అత్తయ్యా!"

"నా మాటల్ని చెత్తలో వేస్తుందా ఆ మాయదారి మెయిలు!" అని కళ్లు తుడుచుకుంటూ ల్యాప్‌టాప్ మీద విరుచుకుపడింది అత్తగారు. ఈలోగా సంచి లోపలికి పట్టుకెళ్లింది కోడలు.

మర్నాడు ఆవిణ్ని ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లి, పరీక్షకి రక్తం తనే తీసింది. అత్తగారు ఇంటికొచ్చి నడుం వాల్చగానే ఫోను కుయ్యిమంది.

"తిన్నాను అత్తయ్యా. మీరు తిన్నారా?"

"ఇన్నాళ్లకి తీరిందమ్మా చెప్పడానికి" అని సణుక్కుంటూ ఆవిడ కళ్లజోడు వెతుక్కుంది.