జెబ దాటనివ్వని ఫైలు

పంపేశాక గానీ సూర్య ఫైలు పేరు చూసుకోలేదు.

బ్యాంకు పరీక్షల మెయిల్ గ్రూపుకు పాత ప్రశ్నపత్రాలు పంపబోయి, వీధివాళ్ళ ఆధార్లూ పాస్‌బుక్కులూ ఉన్న ఫైలు జతచేశాడు. చూలై పేటలోని ఆ సందు మొత్తానికి డిగ్రీ చదివింది అతనొక్కడే. పెన్షన్‌కైనా రేషన్‌కైనా అందరి కాగితాలూ స్కాన్ చేసి అతని లాప్‌టాప్‌లోనే ఉంచేవారు. ఇక గ్రూపులోనా, ఊరూ పేరూ తెలియనివాళ్ళే ఎక్కువ.

గ్రూపును నడిపే జెబ పక్క వీధిలోనే ట్యూషన్ చెబుతుంది. ఎదురుపడి మాట్లాడింది లేదు. 'ఫైలు జతచేయకండి. గ్రూపువాళ్ళకే తెరుచుకునే లింకు పెట్టండి' అని ఆమె రాసినప్పుడల్లా 'ఎంత పొగరు!' అనుకునేవాడు. అనుకుంటూనే ఆ మెయిల్ మళ్ళీ తెరిచేవాడు.

వానలోనే జెబ ఇంటికి పరుగెత్తాడు.

"ఎవరు కావాల?" గుమ్మంలో నీళ్ళోడుతున్నవాణ్ణి చూసి అడిగింది జెబ.

"నేను... సూర్య. గ్రూపులో..."

"ఓ, అటాచ్‌మెంట్ సూర్యానా! ఎన్నిసార్లు చెప్పాల మీకు?"

"తర్వాత తిట్టండి. ఇప్పుడు పంపిన మెయిల్ అందరికీ పోయిందా?"

ఆమె నవ్వడం ఆపింది. లాప్‌టాప్ తెరిచింది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. సూర్య గుమ్మం పట్టుకున్నాడు.

"పోలేదు. ఫైలుంటే నేను చూసి ఒప్పుకుంటేనే పోతాది. ఈడే ఆగుంది."

జెబ అతని ముందే ఆ మెయిల్ తీసేసింది. అతని ఫోన్‌లో పంపినవీ, ట్రాష్‌లో మిగిలినవీ దగ్గరుండి తీయించింది.

"మా సందులో మునియక్క పాస్‌బుక్కూ అందులో ఉంది. ఆమెకు చెప్పాలండీ," అన్నాడు సూర్య.

"ఏమీ కాలేదు కదా. ఎవురికి తెలస్తాది?"

"నాకు తెలుసు కదండీ. నమ్మి ఇచ్చింది."

జెబ గొడుగు తీసుకుంది.

"పదండి. ఒక్కరే పోతే గరిటెతో కొడతాది."

ఒక్క గొడుగు కింద ఇద్దరూ నడిచారు. అతని సగం భుజం వానలోనే ఉంది.

సందు మొదట్లో ఇడ్లీలు అమ్మే మునియక్క అంతా విని గరిటె కింద పెట్టింది. అదే ఎక్కువ భయపెట్టింది సూర్యను.

"ఎవుడో నా పేరుతో అప్పు తీసుంటే ఏం జేసేదాన్రా?"

"తప్పే అక్కా. ఇంక పనైపోతానే అందరివీ తీసేస్తా."

మునియక్క జెబ వైపు తిరిగింది. "ఆపింది నువ్వా పాపా?"

"ఆమా అక్కా, నేనే."

"సరి. నా కాగితాలు నేను పెట్టుకుంటా. వీణ్ణి నువ్వు పెట్టుకో."

సూర్యకు తల ఎత్తే ధైర్యం లేదు. ఇడ్లీపాత్ర ఆవిరి వైపు చూస్తూనే గొణిగాడు.

"మీరేమంటారండీ?"

"ముందు ఆ 'అండీ' మానెయ్," అంది జెబ, గొడుగు పూర్తిగా అతని వైపు వంచుతూ.