తొంభై మూడు కుక్కల డాక్టరమ్మ

పెద్దిరాజు అలేఖ్యను మొదటిసారి చూసింది శ్రావణమాసపు వానలో. చూసిన ఐదు నిమిషాలకే ఆమెతో పోట్లాడాడు. ఇది జరిగి నాలుగేళ్లయినా, ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ అతని చెవులు ఎర్రబడతాయి.

పెదపాడు దాటాక, మూతబడ్డ ఓ రైస్‌మిల్లు గోడౌన్‌లో ఉండేది కుక్కల షెల్టర్. పెద్దిరాజు మండవల్లి దగ్గరి తమ చేపల చెరువు నుంచి బైక్ మీద వచ్చాడు. వెనక సీటుకి కట్టిన చేపల ట్రేలో, ప్లాస్టిక్ సంచి కింద ఆరు కుక్కపిల్లలు కుయ్‌కుయ్‌మంటున్నాయి.

గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి ట్రేలోకి తొంగి చూసింది. ముఖం మెత్తబడింది. అంతలోనే సర్దుకుంది.

“చోటు లేదండి.”

“ఇది కుక్కల షెల్టరే కదండీ?”

“అవునండి. నలభై కుక్కల కోసం కట్టారు. తొంభై మూడున్నాయి.”

“తొంభై మూడింటికి ఇంకో ఆరు కలిస్తే ఏమైపోద్దండీ?”

“లోపల జబ్బులున్నాయండి. టీకా పడని పిల్లలు వారం తిరక్కుండా పోతాయి. వీటి తల్లేదీ?”

“మా చెరువు గట్టు మీదుంది.”

“పాలు తాగే పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి, మళ్లీ నన్ను దయలేనిదాన్ని చేస్తున్నారా? తీసుకెళ్లండి. పాలు మానాక తల్లిని తీసుకురండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తాను.”

అప్పుడే పెద్దిరాజు చూపు గోడౌన్ వెనక్కి పోయింది. షెల్టర్ చూసుకునే బాలస్వామి వానలో గొయ్యి తవ్వుతున్నాడు. పక్కన గోనెసంచి చుట్టిన కుక్క.

“దానికేమైందండీ?”

“లారీ గుద్దింది. నడుం విరిగిపోయింది. బతికించే దారి లేదండి. పొద్దున ఇంజెక్షన్ ఇచ్చాను.”

“చంపేశారన్నమాట. చంపడానికి డాక్టరు చదువెందుకండీ?”

ఆమె గొడుగుని ట్రే మీదికి వంచింది. “పిల్లలు తడుస్తున్నాయి. వెళ్లండి,” అందామె.

నెలన్నర తర్వాత తల్లికుక్కతో మళ్లీ వెళ్లాడు. కోపం తగ్గి కాదు, చెప్పింది చేసి చూపిద్దామని. ఆపరేషన్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చుందామనుకుంటే బాలస్వామి చీపురు తెచ్చి చేతిలో పెట్టాడు.

“ఖాళీగా కూర్చుంటే మా డాక్టరమ్మకి నచ్చదు బాబూ.”

ఆ రోజే పెద్దిరాజు లోపలి వరస చూశాడు. ఒక్కో గదిలో నాలుగైదు కుక్కలు. గిన్నె పెడితే బలమైనది తినేది, మిగతావి గోడకి నక్కేవి. తిరగడానికి చోటు లేక కరుచుకున్న గాయాలు. చివరి గదిదాకా ఊడ్చాడు.

“మొన్న ఏలూరు నుంచి కొందరొచ్చారండి,” చేతులు కడుక్కుంటూ అంది అలేఖ్య. “వీధికుక్కలన్నిటికీ ఇంజెక్షన్ ఇచ్చి పారేయమన్నారు. మర్నాడు ఇంకొందరొచ్చి, ఎంత నరకం పడుతున్నా ఒక్కదానికీ ఇవ్వడానికి వీల్లేదన్నారు. ఇద్దరికీ కాఫీ ఇచ్చాను. చీపురు పట్టింది మాత్రం మీరేనండి. మీ పేరు?”

“పెద్దిరాజండి.”

“తాతగారి పేరులా ఉందే!”

“మా తాతదేనండి.”

“ఆయనా ఇలాగే గేటు దగ్గర పోట్లాడేవారా?”

“మా నాయనమ్మ చేతిలో ఓడిపోయేవాడండి.”

మొదటిసారి నవ్విందామె. అది ఆదివారం. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పెద్దిరాజుకి చెరువు గట్టు మీద కాలు నిలవలేదు.

ఉడికించిన చేపతలలు, నూకల అన్నం క్యాన్లలో పట్టుకొచ్చేవాడు. ఆపరేషన్లకి వీధికుక్కల్ని పట్టడం బాలస్వామి వల్ల కావడం లేదని తెలిసి, ఇంట్లో విసురువల తెచ్చాడు. పెదపాడు సందులో తొలిసారి వల విసిరితే కుక్క తప్పించుకుంది. దాన్ని అదిలించబోయిన అలేఖ్య చిక్కుకుంది.

“వల తియ్యండి!”

“కదలకండి. లాగితే ఇంకా బిగుసుకుపోద్దండి.”

“తొందరగా తియ్యొచ్చుగా?”

“పాత వలండి. జాగ్రత్తగా తియ్యాలి.”

బాలస్వామి గట్టిగా దగ్గేదాకా ఆ వల రాలేదు. వల కొత్తదేనని తర్వాత తెలిసి, అలేఖ్య రెండు వారాలు అతన్ని “పాత వలండి” అనే పిలిచింది.

ఆరు పిల్లలూ చుట్టుపక్కల చెరువుల కాపలాదార్ల ఇళ్లకి చేరాయి. అంతా బాగుందనుకున్న రోజుల్లో చుక్కి జబ్బుపడింది.

చుక్కి పెద్దిరాజు కుక్క. అతను ఎనిమిదో తరగతిలో ఉండగా, కొల్లేరు పొంగిన ఏడు, నీళ్లలో కొట్టుకుపోతుంటే దోనెలోకి లాగి, చొక్కాలో చుట్టి తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ అతను స్కూలుకెళ్తే రోడ్డుదాకా, చేపలు పడితే గట్టుదాకా వెంటే. పద్నాలుగేళ్లు నిండాయి. పొట్ట కింద గడ్డ లేచింది. రొప్పు పట్టుకుంది.

అలేఖ్య ఎక్స్‌రే తీయించింది. వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఊపిరితిత్తులకి పాకిందండి. తగ్గేది కాదు. మందులతో కొన్నాళ్లు నెప్పి ఆపగలను. తర్వాత మందులూ పనిచెయ్యవు. అప్పుడు మనమే పంపించేయాలండి.”

“పంపించడమంటే ఇంజెక్షనా?”

ఆమె తలూపింది.

“మీకు అలవాటైపోయిందండి. తొంభై మూడింటితో పాటు ఇదొకటి. మీకు చోటు కావాలి. నాకు చుక్కి కావాలి.”

అన్నాక, ఆ మాట వెనక్కి రాదని అతనికీ తెలిసింది. అలేఖ్య మందుల చీటీ రాసి బల్ల మీద పెట్టి లోపలికెళ్లిపోయింది.

మూడు వారాలు పెద్దిరాజు షెల్టర్ వైపు వెళ్లలేదు. మందులు వేశాడు. విసనకర్రతో విసిరాడు. మూడో వారానికి చుక్కి పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే కాళ్లు ఆగవు. చేపముక్క మూతి దగ్గర పెడితే అతన్ని నొప్పించడం ఇష్టంలేనట్టు ఒకసారి నాకి వదిలేసింది.

అతని నాయనమ్మ పెద్దింటమ్మ గుమ్మంలో కూర్చుని అదంతా చూస్తోంది.

“ఒరేయ్, అది దాని కోసం ఉందా, నీ కోసం ఉందా?”

పెద్దిరాజు చుక్కికి విసురుతూనే ఉన్నాడు.

“ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యరా.”

“రాదు నాయనమ్మా. నేనన్న మాటకి ఎవరొస్తారు?”

“నువ్వు చెయ్యి. రాకపోతే అప్పుడేడుద్దువుగాని.”

ఫోన్ చేశాడు. అతను “నేనండి” అన్నాడో లేదో, అవతల నుంచి ఆమే అంది: “చుక్కికి బాగా ఎక్కువైందా? వస్తున్నానండి. నీడలో ఉంచండి.”

గంటన్నరలో స్కూటీ మీద, గట్ల బురదంతా కాళ్లకి పూసుకుని వచ్చింది. చుక్కి పక్కన నేల మీద కూర్చుంది. “ముందు నిద్ర మందు ఇస్తానండి. మత్తులోకి వెళ్లాకే రెండోది. నెప్పి తెలీదు. తల మీ ఒళ్లో పెట్టుకోండి. మీ వాసన తెలుస్తూ ఉంటుంది.”

చుక్కి తోక ఒకసారి నేలకి తగిలింది. కొన్ని వారాల తర్వాత మొదటిసారి రొప్పు ఆగి, మామూలుగా నిద్రపోయింది. ఆ నిద్రలోనే వెళ్లిపోయింది.

పెద్దింటమ్మ తన పాత చీర తెచ్చి కప్పింది. గట్టు చివర పూడ్చి వచ్చేసరికి అలేఖ్య కనిపించలేదు. వెతికితే, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల షెడ్డు వెనక మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుని ఉంది. భుజాలు కదులుతున్నాయి.

అలవాటైపోయిందన్నాడు ఆమెని. పెద్దిరాజు వెళ్లి పక్కనే నేల మీద కూర్చున్నాడు.

“ప్రతిసారీ ఇంతేనాండీ?”

“ప్రతిసారీ ఇంతే.”

“నేనన్నవి రెండూ తప్పుమాటలేనండి. క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు.”

“రాకపోతే ఊరుకోండి,” కళ్లు తుడుచుకుంది. “ఆదివారం మాత్రం రండి. వల వేసేవాళ్లు లేరు.”

వెళ్లాడు. ఆ తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. రెండు శీతాకాలాలు గడిచాయి. కొల్లేటికి కొంగలొచ్చాయి, పిల్లల్తో వెళ్లిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో ఆపరేషన్లు జరిగేకొద్దీ గేటు దగ్గర దింపిపోయే పిల్లలు తగ్గాయి. ఓ సాయంత్రం, కట్టు వేయించుకుంటున్న కుక్క మూతి పట్టుకుని, దాని వైపే చూస్తూ అన్నాడు.

“నాకు మీరంటే ఇష్టమండి.”

“కుక్కతో చెప్తున్నారా, నాతోనా?”

“మీ మొహం చూసి చెప్పే ధైర్యం లేదండి.”

“కట్టు అయ్యేదాకా ఆగుతాను. తెచ్చుకోండి.”

తెచ్చుకున్నాడు.

అలేఖ్య వాళ్లది తాడేపల్లిగూడెం, ఉల్లిపాయల మార్కెట్ పక్క వీధి. వాళ్ల నాన్నగారు సత్యనారాయణమూర్తి ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పెద్దిరాజు ఇస్త్రీ చొక్కాతో ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు.

“మా అమ్మాయి కొన్ని రోజులు ఇంటికొచ్చి అన్నం తినదు బాబూ. గదిలో కూర్చుండిపోతుంది. ఈ ఉద్యోగం మానేయమని నేను, మానను అని తను. ఆ రోజుల్లో మీరేం చేస్తారు?”

పెద్దిరాజు కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఏమీ చెయ్యలేనండి. మానెయ్యమని మాత్రం అనను. పక్కన కూర్చుంటానండి. మాట్లాడకుండా.”

తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది. “ఆయన మాట్లాడకుండా ఉంటారా నాన్నా? నమ్మకు!”

మూర్తిగారు పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. “మీ నాయనమ్మగారిని తీసుకురా బాబూ. పెద్దవాళ్లం మాట్లాడుకుంటాం,” అన్నారు.

పెళ్లయినా, అలేఖ్య అన్నం తినని అలాంటి రోజులు ఇప్పటికీ వస్తాయి. పెద్దిరాజు ఆమెని ఏమైందని అడగడు. బైక్ తీసి, పొద్దువాలేవేళ గట్టు చివరికి తీసుకెళ్తాడు. ఇద్దరూ కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుంటారు. కొంగలు గుంపులుగా నీళ్ల మీదికి దిగుతుంటాయి. చీకటి పడేలోగా ఎప్పుడో అలేఖ్యే అంటుంది, “ఆకలేస్తోందండి” అని.

అప్పుడు లేస్తారు.