ఒక్కడికి పలావు

"తినేది ఒక్కడివే కదా, ఆ క్యారెట్లెన్ని?"

గుమ్మంలోంచి మఫ్తునా అడిగిన తీరుకి జవ్లోన్ చేతిలో కత్తి ఆగింది.

"రెండే."

"రెండు అంటే రెండు క్యారెట్లు. రెండు కిలోలు కాదు."

జవ్లోన్ తండ్రి మర్గిలాన్ ఊళ్ళో పేరున్న పెళ్ళి వంటల మేస్త్రి. నిరుడు కాలేజీ సీటు తప్పాక జవ్లోన్ ఏడాదంతా తండ్రి పక్కనే గరిటె పట్టాడు. మూడొందల మందికి పలావంటే కళ్ళు మూసుకుని దించేస్తాడు. ఒక్కడికి వండమంటేనే చెయ్యి తిరగదు.

ఈ ఏడు తాష్కెంట్‌లో సీటొచ్చింది. అమ్మ షరతు పెట్టింది. వారం పాటు తన వంట తనే, మెతుకు మిగలకుండా వండుకుంటే హాస్టల్. లేదంటే తాష్కెంట్ చివర్న మేనత్త ఇల్లు. అక్కడ సాయంత్రం ఆరింటికే గేటుకి తాళం పడుతుంది.

మఫ్తునా ఉండే హాస్టల్ మాత్రం అతను కోరుకున్న హాస్టల్‌కి ఎదురువీధిలోనే. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.

మఫ్తునా పక్కింటి పిల్ల, చిన్నప్పట్నుంచీ అతని క్లాసు. ఏడాది హాస్టల్లో ఉండి సెలవులకి వచ్చింది. నేర్పమని అమ్మే పిలిచింది. పక్కింటి పెద్దావిడ కాబట్టి మఫ్తునా ఆమెని 'ఖాలా' అంటుంది.

మొదటి రోజు వండింది ఏడిళ్ళకి పంచారు. రెండో రోజు మూడిళ్ళకి. మూడో రోజు మాడింది, ఎవరికీ పంచలేదు.

"ఉప్పు గుప్పెడు కాదు, చిటికెడు."

"మా నాన్న గుప్పెడే వేస్తాడు."

"ఆయన పెళ్ళిళ్ళకి వేస్తాడు. నీకింకా పెళ్ళి కాలేదుగా."

అనేసి నాలిక్కరుచుకుంది. జవ్లోన్ గబుక్కున పొయ్యి మీదికి వంగాడు. ముఖం ఎర్రబడితే మంట వేడనుకుంటారు. ఆ మాత్రం దయ పొయ్యికీ ఉంటుంది.

ఏడో రోజు పలావు సరిగ్గా ఒక్క పళ్ళెమే అయింది. గిన్నె అడుగున మెతుకు లేదు.

"ఇక హాస్టల్లో రోజూ ఇంతే వండుకుంటా," అన్నాడు కాలరెగరేసి.

అమ్మ పకపకా నవ్వింది. "హాస్టల్లో ఒక్కడికి ఎవడు వండుకుంటాడురా? నాలుగేళ్ళున్నాను నేను. ఒకరు బియ్యం, ఒకరు ఉల్లిపాయలు, అందరిదీ ఒకే పళ్ళెం."

జవ్లోన్ మఫ్తునా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

ఆమె గిన్నె తోముతూనే అంది. "మొదటి రోజే చెబితే ఒక్కరోజుతో అయిపోయేది."

హాస్టల్ ఎలాగూ దక్కింది. ఇప్పుడు నోరు తెరిస్తే పోవచ్చు కూడా. అయినా జవ్లోన్ నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట. నేనడిగిన హాస్టల్‌కి ఎదురువీధిలోనే తను ఉండేది. అందుకే అడిగాను. చదువు పాడు చేసుకోను. కానీ ఆ పిల్లంటే నాకిష్టం."

మఫ్తునా చేతిలో గిన్నె ఆగింది.

అమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. "వంట కోసం కాదురా వారం రోజులు చూసింది. ఈ మాట దాచుకుని బండెక్కి ఉంటే నేరుగా అత్త ఇంటికే పంపేదాన్ని." తర్వాత మఫ్తునా వైపు తిరిగింది. "నువ్వేమంటావే?"

మఫ్తునా చెయ్యి తుడుచుకుంది. తల మాత్రం ఎత్తలేదు.

"ఆ అత్తగారిల్లు నాకు మరీ దూరం, ఖాలా. ఈ పక్కిల్లే నయం."