వేరుగా కదిలిన గీత

ఆదివారం మధ్యాహ్నం, బయట ముసురు. లోపలి గదిలో తమ్ముడు పడుకున్నాడు. హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

తమ్ముడికి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. అందుకే ఛాతీకి ఒక బెల్టు కట్టాను. వాడి ఊపిరి లాప్‌టాప్‌లో నేను రాసిన ప్రోగ్రాములో గీతై కదులుతుంది. గీత ఆగితే అలారం మోగి వాణ్ణి లేపాలి. కానీ ఏం లాభం? కాసేపటికే మెమరీ నిండి మొత్తం బిగుసుకుపోతోంది. అలారం మోగకపోతే వాడు లేవడు. అమ్మ పోయాక నాకు మిగిలింది వాడొక్కడే.

చివరికి తప్పు దొరికింది. గీతను పెద్దది చేసి చూసే స్లైడర్ మీటను జరిపిన ప్రతిసారీ నా కోడ్ కొత్త గ్రాఫు గీస్తోంది. పాతది తెరమీంచి పోతోంది గానీ చావడం లేదు. చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసినవాళ్లలా లోపలే కూర్చుని బెల్టు మాట వింటూనే ఉంది.

అలా పోగైన పాత గ్రాఫులన్నిటినీ తెరమీదికి లాగాను. బెల్టు ఒక్కటే కాబట్టి గీతలన్నీ ఒకేలా లేచి పడాలి. పడుతున్నాయి.

ఒక్కటి తప్ప.

అది నీరసంగా... మిగతావి పడినప్పుడు లేస్తోంది.

లోపలి గదిలోంచి తడి మట్టి వాసన వచ్చింది. ఆ గది కిటికీ పొద్దున నేనే మూశాను.

"ఒరేయ్, మేలుకున్నావా?" గొంతు తగ్గించి అడిగాను.

"ఊఁ..."

"బెల్టు గానీ కదిపావా?"

"లేదే... తల నిమరడం ఆపకక్కా. ఇప్పుడే నిద్ర పడుతోంది."

నా రెండు చేతులూ హాల్లో కీబోర్డు మీదే ఉన్నాయి. పరుగెత్తాల్సింది. కానీ నాది పాడు బుద్ధి. గుంపులో కలవని అంకె కనిపిస్తే ముందు దాన్ని తీసిపారేయడం మా పనిలో అలవాటు. ఆ వేరు గీతే వాడి పక్కన కూర్చున్నదాని ఊపిరి అనుకున్నాను. మూసేశాను.

మెషీన్ ఒక్కసారిగా తేలికపడింది. ఒక్కదాన్ని మూస్తే అంత మెమరీ ఎలా ఖాళీ అయిందో ఆలోచించలేదు. ప్రాణం లేచొచ్చింది.

"పోయిందిరా!" అని అరిచాను.



గదిలోకి పరుగెత్తాను. వాడి నోరు తెరుచుకుని ఉంది. ఛాతీ కదలడం లేదు. కుదిపాను. కొట్టాను. నోట్లో నోరు పెట్టి ఊదాను... అలారం మోగలేదు. ఎలా మోగుతుంది? దాని లెక్కలో ఊపిరి బాగానే ఆడుతోంది.

అప్పుడు అర్థమైంది. ఆ నీరసపు గీత ఒక్కటే నా తమ్ముడిది. మిగతావన్నీ వాడి పక్కన కూర్చున్నదానివి. నా చేత్తో నేనే మూసేశాను.

బెల్టు విప్పి చేతిలోకి తీసుకున్నాను. తెరిచిన తలుపులోంచి హాల్లో తెర కనిపిస్తోంది. గీతలు ఇంకా లేస్తున్నాయి... పడుతున్నాయి...

ఉన్నట్టుండి అన్నీ పైకి లేచి అక్కడే నిలిచిపోయాయి. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.

నా జుట్టులోకి వేళ్లు దిగాయి. మెల్లగా నిమరసాగాయి.