రెండు తాళాల దొడ్డి

బొమ్మసంద్ర ఆవల, హోసూరు రోడ్డు పక్కన ఒక పాత బందెలదొడ్డి ఉంది. ఒకప్పుడు చేలల్లో పడ్డ పశువుల్ని తోలుకొచ్చి అందులో కట్టేసేవాళ్ళు. ఇప్పుడు పశువులూ లేవు, చేలూ లేవు. చీకటి పడగానే లోపల ఒక ఆడది ఏడుస్తుంది... ఆ ఏడుపు విన్న మగవాడు మంచాన పడతాడు. ఇదీ ఆ చోటుకున్న పేరు.

ఆ జాగా పురసభకీ, అంటే ఊరి మునిసిపాలిటీకీ, పక్క పంచాయితీకీ ఉమ్మడి. అందుకే గేటుకి రెండు తాళాలు — ఎవరి తాళం వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గర. అక్కడ దుకాణాలు కట్టాలని రెండు సభలూ కలిసి ప్లాను గీశాయి. దెయ్యం భయానికి కంట్రాక్టరు ఒక్కడూ రాలేదు. అధికారి ఒకరు పొద్దుగూకాక పోయి చూసి, ఏమీ లేదని రాసివ్వాలన్నారు. ఒకాయనకి బీపీ. ఇంకొకాయన మాలలో ఉన్నాడు. చివరికి ధైర్యమంతా పురసభ జూనియర్ ఇంజనీరు సహనకి అప్పజెప్పారు.

సాయంత్రం ఏడు. పంచాయితీ వాచ్‌మన్ నాగరాజ్ తన తాళం తీశాడు. సహన తనది తీసింది.

"నేనిక్కడే ఉంటా మేడమ్. లోపలికి మాత్రం పిలవొద్దు."

టార్చి వేసుకుని పది అడుగులు వేసిందో లేదో...

మూలుగు. సన్నగా, సాగదీసి — గోడల మధ్య తిరిగి తిరిగి వచ్చింది.

వెనక గేటు ధడేలుమంది. తాళం పడిన చప్పుడు.

"నాగరాజ్!"

"అది బయటికొస్తే ఊరంతటికీ ప్రమాదం మేడమ్!" గొంతు అప్పటికే రోడ్డెక్కింది.

సహన గేటు లాగింది. పిడికిట్లో తాళంచెవి ఉంది — కానీ పడింది తన తాళం కాదు, పంచాయితీది. నాగరాజ్ ఫోను స్విచాఫ్. పై అధికారికి చేసింది.

"ఉమ్మడి ఆస్తి కదమ్మా. వాళ్ళ తాళం మనం పగలగొడితే రేపు గొడవ. పంచాయితీ సెక్రటరీకి లెటర్ పెడతాను. కాస్త అడ్జస్ట్ చేసుకో."

ఇంటికి చేస్తే? ఈ ఉద్యోగం మాన్పించడానికి మొగుడు వెతుకుతున్న సాకు దొరికినట్టే.

గోడలు రెండు నిలువుల ఎత్తు, పైన గాజుపెంకులు. సైటు డ్యూటీలో ఒంటికి వెళ్ళే చోటుండదని పొద్దుటినుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదు, అయినా పొత్తికడుపు బిగుసుకుపోయింది. టార్చి మిణుకుమంది... ఆరిపోయింది.

వెనక గోడ దగ్గర ముళ్ళకంప కదిలింది. ఒక నీడ. రెండు... ఐదు. చప్పుడు లేకుండా తనవైపే —

చల్లటి తడి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అరవొద్దు," గుసగుస. "అరిస్తే మొగోళ్ళు వస్తారు."

ఫోను వెలుగులో మొహం కనిపించింది. రోడ్డు మీద ఆకుకూరలమ్మే పాపక్క! రెండో చేతిలో నీళ్ళ సీసా. వెనకాల గార్మెంట్ ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో మునిలక్ష్మి ఇంకా రొప్పుతోంది — మూలిగింది ఆమే.

"గేటుకాడ మొగోడు నిలబడినాడని గట్టిగా ఏడిస్తి," అని నవ్వింది. "నువ్వుండావని తెలీదక్కా."

పాపక్క సహనని ఎగాదిగా చూసింది. "నువ్వూ ఒంటికి పోవల్లేమో? పో, ఆ మూలకి. మేం కాపలా ఉంటాం."

తిరిగొచ్చాక సహన తలెత్తలేకపోయింది.

"రోడ్డు పొడుగునా మొగోళ్ళకి గోడలుండాయి," అంది పాపక్క. "మాకీ దెయ్యమే ఉండాది తల్లీ. పన్నెండేండ్లుగా అర్జీలు ఇస్తానే ఉండాం. రేపు నువ్వు ఏమీ లేదని రాస్తే మేమెక్కడికి పోవల్ల?"

ముళ్ళకంప చాటున గోడకున్న కంతలోంచి సహనని బయటికి లాగారు.

మర్నాడు ఉమ్మడి సమావేశం. కుర్చీలన్నీ నిండాయి.

"ఉందా?"

"ఉంది సార్." సహన గొంతు తగ్గించింది. "నా చెయ్యి పట్టుకుంది... మాట్లాడింది. దుకాణాలు కడితే, కట్టించినవాళ్ళ ఇళ్ళకి వస్తానంది. కోరిక తీరిస్తే వెళ్ళిపోతుందట."

"ఏం కోరిక?"

"ఆడవాళ్ళకి ఆరు మరుగుదొడ్లు. లోపల గడియ. నీళ్ళు, లైటు."

బతికున్న ఆడవాళ్ళ అర్జీలని పన్నెండేళ్ళు తొక్కిపెట్టిన రెండు సభలూ, చచ్చినదాని అర్జీకి ఐదు నిమిషాల్లో చేతులెత్తాయి. పురసభ అధ్యక్షుడు చెమట తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు —

"టైల్సు ఏ రంగువి కావాలో... చెప్పిందామ్మా?"