నల్లరాళ్ల వెనకాల

గైడ్ నల్లరాళ్ల వైపు చూడటం ఇది మూడోసారి. పోలీసమ్మ లెక్కపెట్టింది.

పోలీసమ్మకు పదేళ్లు. ఫ్రిజ్‌లో ఒక్క చాక్లెట్ తగ్గినా ఇంట్లో అందరి నోళ్లూ వాసన చూస్తుందని వాళ్ల పిన్ని పెట్టిన పేరది. ఆ పిన్నే ఇప్పుడు కయాక్ అనే సన్నటి పడవలో ఆమె వెనక కూర్చుని తెడ్డు వేస్తోంది. సముద్ర తీరం వెంబడి పక్షుల్నీ, సీల్స్ అనే నీటిజంతువుల్నీ చూడటానికి బయలుదేరిన గుంపులో మొత్తం అయిదు కయాక్‌లు.

"ఆ నల్లరాళ్ల వైపు ఎవరూ వెళ్లొద్దు. అటు అలలు ఎక్కువ" అంది ముందున్న గైడ్.

పోలీసమ్మ అటు చూసింది. నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి.

"పిన్నీ, ఈవిడ అబద్ధం చెబుతోంది."

"నీకు గాలి వీచినా అనుమానమే. తెడ్డు వెయ్యి, నా చేతులు పడిపోతున్నాయి."

మధ్యాహ్నం ఒక ఇసుక ఒడ్డున ఆగారు. అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతుండగా గైడ్ బైనాక్యులర్స్ జాకెట్‌లో పెట్టుకుని ఒక్కతే నల్లరాళ్ల వైపున్న గట్టెక్కింది. కాసేపటికి దిగివచ్చి చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. పోలీసమ్మ తొంగిచూడగానే టక్కున మూసేసింది.

ఇంకేం కావాలి? అక్కడ ఏదో దాచింది. దొంగసరుకే అయ్యుంటుంది.

"పిన్నీ, షూ తడిసింది. ఎండలో ఆరబెట్టుకొస్తా" అని చెప్పి పోలీసమ్మ మెల్లగా జారుకుంది. వంగి వంగి గట్టెక్కి, రాళ్ల అంచు నుంచి కిందికి చూసింది.

పెట్టెలు లేవు, మూటలు లేవు. గులకరాళ్ల మీద ఒక పెద్ద సీల్ పడుకుని ఉంది. దాని పొట్టకు ఆనుకుని తెల్లటి పిల్ల పాలు తాగుతోంది.

ఇంకా బాగా చూద్దామని ముందుకు వంగింది. కాలి కింద రాయి దొర్లి దడదడా కిందపడింది. తల్లి ఉలిక్కిపడి, ఒళ్లంతా ఊపుకుంటూ నీళ్లలోకి దూకేసింది. పిల్ల ఒంటరిగా మిగిలి, పసిబిడ్డలా ఏడవసాగింది.

"కదలకు. పడుకో" అని వెనక నుంచి మెల్లగా వినిపించింది. గైడ్ వచ్చి పక్కనే బోర్లా పడుకుంది.

"అమ్మ వస్తుందా?"

"భయం పోతే వస్తుంది. పోకపోతే రాదు. పిల్ల పుట్టి నాలుగు రోజులే. పాలు లేకపోతే బతకదు."

పోలీసమ్మ గైడ్ వైపు తల తిప్పింది. "మీరు అలలన్నారు."

"అబద్ధమే చెప్పాను. నిజం చెబితే అందరూ ఫొటోలకు ఎగబడతారనుకున్నాను. నువ్వు నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే చెప్పేవారా?"

"ఏమో. చెప్పేదాన్ని కాదేమో."

దూరంగా నీళ్లలో ఒక నల్లటి తల తేలింది. రెండు గుండ్రటి కళ్లు సూటిగా పోలీసమ్మనే చూశాయి. తనను ఎవరూ ఎప్పుడూ అంత అనుమానంగా చూడలేదు. తల మునిగింది, ఇంకొంచెం దూరంలో తేలింది.

ఇద్దరూ పాకుతూ వెనక్కి జరిగి, ఒక బండ చాటున కూర్చున్నారు. చాలాసేపు గడిచింది. పోలీసమ్మకు కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. చివరికి ఏడుపు ఆగింది. గైడ్ బైనాక్యులర్స్‌లోంచి చూసి, వాటిని ఆమెకు అందించింది. పిల్ల మళ్లీ తల్లి పొట్టకు ఆనుకుని ఉంది.

వాళ్లు ఒడ్డుకు వచ్చేసరికి పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఆరిందా షూ?"

"షూ తడవనే లేదు పిన్నీ. నేను అబద్ధం చెప్పాను."

గైడ్ నోరు తెరిచేలోపే పోలీసమ్మ అందరి మధ్యకు వెళ్లి నిలబడింది.

"ఆ రాళ్ల వెనక సీల్ పిల్ల ఉంది. చూద్దామని వెళ్లి నేనే వాళ్లమ్మను బెదరగొట్టాను. ఇప్పుడే తిరిగొచ్చింది. మనం దూరం నుంచి వెళ్లిపోదామా?"

గుంపులో కెమెరా మెడలో వేసుకున్న ఒక తాతగారు రాళ్ల వైపు ఆశగా చూశారు. తర్వాత లెన్స్‌కు మూత పెట్టేశారు. "ఎంత దూరం నుంచి వెళ్లాలమ్మా?" అని గైడ్‌ని అడిగారు.

అయిదు కయాక్‌లూ పెద్ద చుట్టు తిరిగి వెళ్లాయి. నల్లరాళ్లు పక్కకు వచ్చినప్పుడు పోలీసమ్మ తల తిప్పలేదు. నీటి చప్పుడు కాకుండా తెడ్డును మెల్లగా ముంచి, మెల్లగా తీసింది.